మిరపచేనుకు ఎన్ని బస్తాలు?



మన ఇండ్లలో కారము లేని పూట లేదు. మామిడికాయ తొక్కు ఎర్రగా ఉన్నదని మెచ్చుకొందుము. పచ్చిపులుసులోనికి ఎండుమిరపకాయను కాల్చి నలిపినప్పుడు వచ్చు వాసనకు ఆకలి రెట్టింపగును. కాని ఆ ఎరుపు వెనుక, ఆ ఘాటు వెనుక ఒక రైతు ఆరేడు నెలల శ్రమ, అతడు తెచ్చిన అప్పు, అతని చేనిలోని సారము ఉన్నవని తలచువారు తక్కువ. నేటి నా ప్రసంగము ముఖ్యముగా మిరప పండించువారి కొరకు. అయినను పట్టణములో కాపురముండి పల్లెలోని భూమిని కౌలుకు ఇచ్చినవారు కూడ దీనిని కడవరకు వినవలెనని నా మనవి. చివర వారితో చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది.

కొంతకాలము క్రిందట మంథని సమీపమున, గోదావరి ఒడ్డునున్న ఒక పల్లెకు రైతుల మాటలను రికార్డు చేయుటకై వెళ్లినాను. వేపచెట్టు క్రింద పది పదిహేను మంది కూడినారు. నేను చదివినవి, శాస్త్రజ్ఞుల వద్ద విన్నవి కొన్ని విషయములు వారికి చెప్పినాను. అంతయు ఓపికగా విన్న ఒక పెద్దమనిషి తువాలు దులిపి భుజముమీద వేసికొని, "ముచ్చట్లు మంచిగనే చెప్పిండ్రు సారూ. ఎకరానికి ఎన్ని బస్తాలు చల్లాలె? అదొక్కటి చెప్పుండ్రి" అన్నాడు. అందరును నవ్వినారు. నేను ఏదో ఒక అంకె చెప్పబోయి ఆగినాను. "పోయిన ఏడు మీరు ఎన్ని వేసినారు?" అని ఎదురు ప్రశ్న వేసినాను.

అతడు వ్రేళ్లు మడచి లెక్క చెప్పినాడు. డీ.ఏ.పి. నాలుగు బస్తాలు, ఇరవై-ఇరవై అని పిలుచు కాంప్లెక్సు ఎరువు మూడు బస్తాలు, యూరియా ఆరు బస్తాలు, పొటాషు ఒక బస్తా. వెరసి ఒక్క ఎకరమునకు పదునాలుగు బస్తాలు. "చెట్టయితె ఏపుగనే పెరిగింది గని, కాయ నిలువలే" అని కూడ అన్నాడు. ఈ పదునాలుగు బస్తాల లెక్కను కొంతసేపు అట్లే ఉంచుదము. ముందుగా ఆ బస్తాలు పడిన నేల ఎట్టిదో చూతము.

మంథని పూర్వము కరీంనగరు జిల్లాలోనిది; 2016 అక్టోబరులో జిల్లాలను పునర్విభజించినది మొదలు పెద్దపల్లి జిల్లాలో ఉన్నది. ఒక ప్రక్క గోదావరి, మరొక ప్రక్క మానేరు. మానేరు వచ్చి గోదావరిలో కలియునది ఈ ప్రాంతముననే. నదికి దగ్గరగా ఒండ్రు నేలలు, కొంత ఇవతలకు నల్లరేగడి, మిట్టలమీద ఎర్ర చెలకలు ఉన్నవి. ఒకే రైతుకు మూడు చోట్ల మూడు విధములైన భూమి ఉండుట ఇచ్చట వింత కాదు. రేగడి నీటిని, ఎరువును పట్టి ఉంచును. కాని వాన ఎక్కువైనచో వేరునకు గాలి ఆడనీయదు. చెలకలో నీరు త్వరగా ఇంకును. ఆ నీటితోబాటు నత్రజని కూడ వేరునకు అందక క్రిందికి దిగిపోవును. ఒండ్రు నేల వరద వచ్చినప్పుడెల్ల మారును: ఒక ఏడు మెత్తని మట్టి వచ్చి చేరును, మరొక ఏడు ఇసుక మేట వేయును. 2022 జూలైలో గోదావరికి వచ్చిన పెద్ద వరద ఇంకను మనకు జ్ఞాపకమున్నది. ఇట్టి మూడు నేలలకు ఒకే లెక్క బస్తాలు ఎట్లు సరిపోవును?

ఇక మిరప స్వభావము. మిరప మన దేశమున పుట్టినది కాదు. అమెరికా ఖండమున పుట్టి, పదునారవ శతాబ్దమున పోర్చుగీసు వర్తకులతో మన తీరమునకు వచ్చినది. అంతకు పూర్వము మనకు కారమనగా మిరియమే. వచ్చిన నాటినుండి మన నేలకు అలవాటు పడినను, దాని నడవడి వరి వంటిది కాదు. వరి ఒక్కసారి కంకి వేసి ముగించును. మఖ, పుబ్బ కార్తెలలో నాటిన మిరప మాఘ ఫాల్గుణముల వరకు, ఒక్కొక్కచోట అంతకు మించియు, చేనిలో ఉండును. పూత, పిందె, పచ్చికాయ, పండుకాయ నాలుగును ఒకే చెట్టుమీద ఒకే దినమున కనిపించును. మొదటి కోత అయిన పిమ్మట రెండవదానికి, దాని పిమ్మట మూడవదానికి చెట్టు తయారు కావలెను. కనుక దానికి ఆహారము కొద్దికొద్దిగా, పలు దఫాలుగా, చివరివరకు అందవలెను. నాటిన మిరపకు వేళ్లు అధికముగా పై అడుగు మట్టిలోనే వ్యాపించును. ఆ అడుగు మట్టియే దాని వంటిల్లు.

ఆ వంటింటిలో ముఖ్యముగా కావలసినవి మూడు. నత్రజని ఆకును, కొమ్మను పెంచును. భాస్వరము వేరును నిలబెట్టును, పూతకు తోడ్పడును. పొటాషు కాయకు బరువును, రంగును ఇచ్చి, తెగుళ్లను, నీటి ఎద్దడిని ఓర్చు శక్తి కలిగించును. వీనికి తోడు కాల్షియము, మెగ్నీషియము, గంధకము కొంత. జింకు, ఇనుము, బోరాను మొదలైనవి కొంచెము. కొంచెము కావలసినదనగా లేకపోయినను జరుగునని అర్థము కాదు. పందొమ్మిదవ శతాబ్దమున జర్మనీ దేశపు శాస్త్రజ్ఞులు స్ప్రెంగెల్, ఆయన పిమ్మట లీబిగ్ ఈ సంగతిని స్పష్టము చేసినారు. పైరుయొక్క దిగుబడిని నిర్ణయించునది నేలలో సమృద్ధిగా ఉన్న పదార్థము కాదు, అన్నిటికంటె కొరతగా ఉన్న పదార్థము. మన చెరువు కట్టను తలచుకొనుడు. కట్ట అంతయు పది అడుగుల ఎత్తున ఉండి, ఒక్కచోట ఆరడుగులకు కుంగినచో, చెరువులో నిలుచునది ఆరడుగుల నీరే. ఎత్తుగా ఉన్నచోట ఇంకను మట్టి పోసిన ఏమి లాభము? కుంగినచోట పోయవలెను. మిరపచేనులో ఎరువు వేయుట కూడ ఇట్టిదే.

మరి మన రైతు ఎత్తుగా ఉన్నచోటనే మట్టి పోయుటకు కారణమేమి? తెలివితక్కువతనము కాదు. చేతికి ఏది సులభముగా అందునో, ఏది చవుకగా దొరకునో దానినే ఎవరైనను వాడుదురు. మంథనికి సమీపముననే రామగుండములో ఎరువుల కర్మాగారము ఉన్నది. బొగ్గు ఆధారముగా యూరియా తయారుచేయుటకు నిర్మించిన పాత కర్మాగారము 1980లో వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించి, 1999లో మూతబడినది. దాని స్థానమున సహజవాయువుతో నడచు క్రొత్త కర్మాగారము 2021 మార్చిలో ఉత్పత్తి మొదలుపెట్టినది. దాని శక్తి ఏడాదికి సుమారు 12 లక్షల 70 వేల టన్నుల యూరియా. గాలిలోని నత్రజనిని బంధించి ఎరువుగా మార్చు ఈ విద్యను జర్మనీలో హేబర్, బాష్ అనువారు సాధించినారు. 1913లో మొదటి పెద్ద కర్మాగారము పనిచేయుట ప్రారంభించినది. అట్టి విద్య మన పొరుగున ఉండుట మనకు గర్వకారణమే.

కాని ఆ కర్మాగారము ఇచ్చునది నత్రజని ఒక్కటియే. మ్యూరేట్ ఆఫ్ పొటాషు మన దేశమున ఉత్పత్తి కాదు. అంతయు విదేశములనుండి ఓడలపై రావలసినదే. ధరల సంగతి కూడ చూడవలెను. 1992 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము భాస్వరము, పొటాషు ఎరువుల ధరలపై అదుపు తొలగించినది. యూరియాపై మాత్రము ఉంచినది. ఆ నాటినుండి యూరియా చవుక, తక్కినవి ప్రియము అను భేదము స్థిరపడినది. యూరియా బస్తాను 50 కిలోలనుండి 45 కిలోలకు తగ్గించిన పిమ్మట దాని ధర 266 రూపాయల 50 పైసలు. 2022లో 50 కిలోల డీ.ఏ.పి. బస్తా 1,350 రూపాయలు. చవుకైనది కనుక యూరియా ఎక్కువ. పేరుపొందినది కనుక డీ.ఏ.పి. ఎక్కువ, పొటాషు మిగిలిన డబ్బులతో. మన పెద్దమనిషి పదునాలుగు బస్తాలు ఈ దారినే వచ్చినవి.

ఇప్పుడు ఆ బస్తాలను విప్పి చూతము. దయచేసి కాగితము, పెన్సిలు దగ్గర ఉంచుకొనుడు. డీ.ఏ.పి.లో నూటికి 18 పాళ్లు నత్రజని, 46 పాళ్లు భాస్వరము. నాలుగు బస్తాలలో నత్రజని 36 కిలోలు, భాస్వరము 92 కిలోలు వచ్చినవి. ఇరవై-ఇరవై కాంప్లెక్సు మూడు బస్తాలలో నత్రజని 30, భాస్వరము 30. యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని. ఆరు బస్తాలలో 124 కిలోలు. పొటాషు ఒక బస్తాలో 30 కిలోలు. కూడినచో నత్రజని 190, భాస్వరము 122, పొటాషు 30 కిలోలు.

నీటి వసతి క్రింద పండించు మిరపకు మన వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఎకరమునకు సిఫారసు చేసిన మోతాదు నత్రజని 120, భాస్వరము 24, పొటాషు 48 కిలోలు. పోల్చి చూడుడు. మన రైతు నత్రజనిని ఒకటిన్నర రెట్లు, భాస్వరమును అయిదు రెట్లు వేసినాడు. కాయకు బరువు, రంగు ఇచ్చు పొటాషును మాత్రము కావలసినదానిలో మూడింట రెండు వంతులకు కూడ అందనీయలేదు. డబ్బు పోసి ఎత్తైనచోటనే కట్ట పెంచినాడు. కుంగినచోటు కుంగియే ఉన్నది. చెట్టు ఏపుగా పెరిగి కాయ నిలువకపోవుటకు ఇది ఒక్కటే కారణమని నేననను. కాని ఇది పెద్ద కారణములలో ఒకటి.

అధికముగా వేసిన భాస్వరము ఎచ్చటికి పోవును? నత్రజని వలె అది గాలిలో కలియదు, నీటితో ఎక్కువగా దిగిపోదు. మట్టిలోనే బిగుసుకొని ఉండిపోవును. ఏటేట పేరుకొని, మొక్కకు జింకు, ఇనుము అందకుండ అడ్డుపడును. అప్పుడు లేత ఆకులు పసుపుబారును, చిన్నవగును. రైతు దానిని చూచి ఎరువు తక్కువైనదనుకొని మరొక బస్తా తెచ్చును. ఇది మందు తప్పి రోగము పెంచుట.

కనుక ముందు చేయవలసినది భూసార పరీక్ష. 2015 ఫిబ్రవరిలో భూసార ఆరోగ్య పత్రముల పథకము దేశమంతట ప్రారంభమైనది. ఆ పత్రములో పండ్రెండు అంశములు ఉండును: ఆమ్ల క్షార స్థితి, లవణముల పరిమాణము, సేంద్రియ కర్బనము, నత్రజని, భాస్వరము, పొటాషు, గంధకము, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాను. అయితే పత్రము నిజము చెప్పవలెనన్నచో నమూనా నిజమైనది కావలెను. వేసవిలో, చేను ఖాళీగా ఉన్నప్పుడు, ఎరువు వేయకముందు మట్టి తీయవలెను. గట్టు ప్రక్కన, చెట్టు నీడన, పెంట పోసిన చోట, నీరు నిలుచు గుంటలో తీయరాదు. పైనున్న చెత్తను ప్రక్కకు నెట్టి, ఇంగ్లీషు వి అక్షరము ఆకారమున ఆరు అంగుళముల లోతు గుంట త్రవ్వి, దాని ప్రక్కనుండి పైనుంచి క్రిందివరకు పలుచని పొరగా మట్టి గీయవలెను. ఇట్లు ఎనిమిది పది చోట్ల తీసి, గుడ్డమీద కలిపి, నాలుగు భాగములు చేసి, ఎదురెదురు భాగములు రెండింటిని తీసివేయుచు అరకిలో మిగులువరకు తగ్గించవలెను. నీడన ఆరబెట్టి, శుభ్రమైన సంచిలో పోసి, పేరు, సర్వే నంబరు, వేయదలచిన పైరు వ్రాసి పంపవలెను. ఎరువు నిలువయుంచిన ఖాళీ సంచిలో మాత్రము పోయరాదు. రేగడికి వేరు నమూనా, చెలకకు వేరు నమూనా, ఒండ్రుకు వేరు నమూనా. మంథని రైతులకు రామగిరిఖిల్లా కృషి విజ్ఞాన కేంద్రము దగ్గరనే ఉన్నది. జగిత్యాల దగ్గర పొలాసలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానము ఉన్నది. మండల వ్యవసాయాధికారిని అడిగినను దారి చెప్పుదురు.

పత్రము చేతికి వచ్చిన పిమ్మట లెక్క సులభము. ఒక పదార్థము మధ్యస్థముగా ఉన్నదని వ్రాసినచో సిఫారసు చేసిన మోతాదు వేయవలెను. తక్కువ అని ఉన్నచో నూటికి 30 పాళ్లు పెంచవలెను. ఎక్కువ అని ఉన్నచో 30 పాళ్లు తగ్గించవలెను. మధ్యస్థమైన నేలకు బస్తాల లెక్క ఇట్లుండును. భాస్వరము 24 కిలోల కొరకు సింగిల్ సూపర్ ఫాస్ఫేటు 150 కిలోలు, అనగా మూడు బస్తాలు. దీనిని అంతయు ఆఖరు దుక్కిలో వేయవలెను. డీ.ఏ.పి. బదులు సూపరు ఏలనని అడుగవచ్చును. సూపరులో కాల్షియము, గంధకము కూడ ఉన్నవి, డీ.ఏ.పి.లో అవి లేవు. ఒకే ఖర్చుతో మూడు పనులు జరుగును.

నత్రజని 120 కిలోల కొరకు యూరియా సుమారు 260 కిలోలు, అనగా ఆరు బస్తాలకు కొంచెము తక్కువ. పొటాషు 48 కిలోల కొరకు మ్యూరేట్ ఆఫ్ పొటాషు 80 కిలోలు. ఈ రెండింటిని నాలుగు సమభాగములు చేసి, దఫాకు యూరియా 65 కిలోలు, పొటాషు 20 కిలోలు చొప్పున నాటిన 30, 60, 90, 120 రోజులకు వేయవచ్చును. మొక్క మొదట్లో కుప్పగా పోయరాదు. కొంచెము ఎడముగా, సాలు ప్రక్కన వేసి మట్టి కప్పవలెను. పైన చల్లి వదలిన యూరియాలో కొంత ఎండకు గాలిలో కలిసిపోవును. నేలలో పదును ఉండవలెను, నీరు నిలిచి ఉండరాదు. బిందు సేద్యము ఉన్నవారు నీటిలో కరగు ఎరువులను ఇంకను చిన్న దఫాలుగా ఇచ్చుకొనవచ్చును. వర్షాధారపు మిరపకు ఇంత మోతాదు అక్కరలేదు. తమ ప్రాంతపు అధికారిని అడిగి తగ్గించుకొనవలెను.

ఇంతవరకు చెప్పినది బస్తా ఎరువుల సంగతి. కాని జీవము లేని మట్టిలో బస్తా ఎరువు చిల్లుల కుండలో పోసిన నీరు. మట్టికి జీవము సేంద్రియ పదార్థము. మన ఎండలకు అది త్వరగా హరించిపోవును కనుక ఏటేట చేర్చుచుండవలెను. బాగుగా చివికిన పశువుల ఎరువు ఎకరమునకు పది టన్నులు ఆఖరు దుక్కిలో వేయుట మంచిది. పచ్చి పెంట వేయరాదు. దానితో వేరుపురుగు, కలుపు గింజలు చేనులోనికి వచ్చును. ఇంటింట పశువులు తగ్గిన ఈ రోజులలో పది టన్నులు ఎచ్చటినుండి తెత్తుమని మీరందురు. నిజమే. అందువలన ఉన్న దారులన్నిటిని కలుపుకొనవలెను.

మన పెద్దలు వేసవిలో గొర్రెల మందను చేనిలో పెట్టించుకొనెడివారు. పెంట, మూత్రము రెండును నేలకు నేరుగా చేరును. మోత ఖర్చు లేదు. ఆ అలవాటు ఇంకను మన ప్రాంతమున ఉన్నది, పోనీయవద్దు. చెరువు మట్టి మరొకటి. 2015లో మిషన్ కాకతీయ పేర చెరువుల పూడిక తీసినప్పుడు అనేకులు ఆ మట్టిని చేలకు తోలుకొన్నారు. ఇసుకపాలు ఎక్కువైన చెలకలకు అది మేలు చేయును. నీటిని, ఎరువును పట్టి ఉంచు శక్తి పెంచును. ఇప్పటికే బరువైన రేగడికి మాత్రము దాని అవసరము తక్కువ. మూడవది పచ్చిరొట్ట. తొలకరికి జీలుగ గాని జనుము గాని చల్లి, పూత దశలో కలియదున్నినచో, మిరప నాటువేళకు చివికిపోవును. జీలుగ, జనుము గాలిలోని నత్రజనిని వేరు బుడిపెలలో నిలుపును. మన చేనిలోనే వెలసిన చిన్న కర్మాగారములన్నమాట. నాలుగవది వేపపిండి, ఎకరమునకు 200 కిలోలు.

ఎండుతెగులు కనిపించు చేలకు ట్రైకోడెర్మా అను మేలు చేయు శిలీంధ్రపు పొడి ఉన్నది. దానిని 2 కిలోలు తీసికొని, 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, నీడన తడి ఆరకుండ వారము రోజులు ఉంచినచో అంతయు వ్యాపించును. అటు పిమ్మట పదునున్న నేలలో వేయవలెను. దీనిని రసాయన ఎరువులతో కలిపి మాత్రము చల్లరాదు. మిరప వేసిన చేనిలోనే మరల మరల మిరప వేయకుండ, మధ్య జొన్న, మొక్కజొన్న వంటి పైరును త్రిప్పుట కూడ మందు వంటిదే.

ఆకు మన చేనియొక్క ఉత్తరము, చదువ నేర్వవలెను. ముదురు ఆకులు ముందుగా పసుపుబారినచో నత్రజని కొరత. ముదురు ఆకుల ఈనెలు పచ్చగా నిలిచి నడుమ పసుపైనచో మెగ్నీషియము కొరత. లేత ఆకులలో అట్లయినచో ఇనుము కొరత కావచ్చును. ఆకులు చిన్నవై, గుబురై, చెట్టు ఎదగనిచో జింకు కొరత అని అనుమానింపవచ్చును. జింకు తక్కువని పరీక్షలో తేలినచో ఎకరమునకు 20 కిలోల జింకు సల్ఫేటు దుక్కిలో వేయవలెను. కాని దానిని భాస్వరపు ఎరువుతో కలిపి వేయరాదు. పైరుమీద కొరత కనిపించినచో లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున పిచికారి చేయవలెను.

ఇచ్చట ఒక హెచ్చరిక. వానలు పట్టినప్పుడు రేగడిలో నీరు నిలిచి చేను పసుపుబారుట మీరు చూచియుందురు. అది ఎరువు కొరత వలె కనిపించును గాని, నిజమునకు వేరు ఊపిరాడక ఆహారము తీసికొనలేకున్నది. ఆ వేళ యూరియా చల్లుట, గొంతు పట్టినవానికి అన్నము కుక్కుట వంటిది. ముందు కాలువ తీసి నీరు వెడలగొట్టవలెను. వేరు కోలుకొన్న పిమ్మటనే ఎరువు.

అధిక నత్రజనికి మరొక ఫలితము కలదు. ఆకు మెత్తగా, రసవంతముగా పెరిగినచో రసము పీల్చు పురుగులకు అది విందు. 2021-22 పంటకాలమున నల్ల తామర పురుగు తెలుగునాట మిరపతోటలను ఎట్లు పాడుచేసినదో మరువలేము. ఆగ్నేయాసియానుండి వచ్చిన ఈ పురుగు మన దేశమున మొదట 2015లో బెంగుళూరు ప్రాంతమున బొప్పాయిమీద కనిపించినది. మిరప పూలలో చేరి పూతను రాల్చివేసినది. పురుగు రాకకు ఎరువే కారణమని నేననుట లేదు. మితముగా ఎరువు వేసిన చేలకు కూడ అది వచ్చినది. కాని పూత రాలుచున్నదని భయపడి ఇంకను యూరియా వేసిన రైతు, తెలియక పురుగునకే మేత వేసినవాడైనాడు. ఎరువు ఖర్చు, దానిపై మందు ఖర్చు, రెండును అప్పే.

ఇప్పుడు మొదట మాట ఇచ్చినట్లు భూస్వాములతో ఒక మాట. మంథని ప్రాంతమున మిరప వేయువారిలో కౌలు రైతులు అనేకులున్నారు. కౌలు ఒక ఏటిది. పశువుల ఎరువు, చెరువు మట్టి, పచ్చిరొట్ట చేయు మేలు మూడేండ్లు నిలుచును. మరుసటి ఏడు ఆ చేను తనకు ఉండునో లేదో తెలియనివాడు మూడేండ్ల మేలు కొరకు ఖర్చు ఎట్లు పెట్టును? ఒక్క ఏటిలో నేల ఇచ్చినదెల్ల పిండుకొని పోవును. అది అతని దోషము కాదు; ఆ ఒప్పందపు దోషము. నష్టము మాత్రము భూమిది, అనగా మీది. కనుక మూడేండ్లకు తగ్గకుండ కౌలు వ్రాసి ఇండు. చెరువు మట్టి, మంద, పచ్చిరొట్ట ఖర్చులో సగము మీరు భరించుడు. భూసార పరీక్ష పత్రమును కౌలు కాగితముతోబాటు చేతికి ఇండు. భూమిని ఇచ్చుచున్నప్పుడు దాని ఆరోగ్యము ఎట్లున్నదో చెప్పుట న్యాయము కదా!

వేపచెట్టు క్రింద ప్రశ్న వేసిన ఆ పెద్దమనిషి తరువాతి వేసవిలో తన మూడు చేలనుండి మూడు సంచుల మట్టి పరీక్షకు పంపినాడు. కొన్నాళ్లకు తన మనుమనిచేత ఫోను చేయించి, తానే మాటలాడినాడు. రేగడి చేనిలో భాస్వరము ఎక్కువ, సేంద్రియ కర్బనము తక్కువ అని పత్రములో వచ్చినదట. "డీ.ఏ.పి. బంద్ పెట్టిన సారూ. ఆ పైసలతోని మంద పెట్టిచ్చిన" అన్నాడు. దిగుబడి ఎంత పెరిగినదని నేనడుగలేదు. ఒక్క ఏటి పంటతో నేల బాగుపడినదని చెప్పుటకు వీలులేదు. కాని ఈ పర్యాయము అతడు ఎన్ని బస్తాలని నన్నడుగలేదు. పత్రములో ఉన్న అంకెలు చదివి, ఈ చేనికి ఇవి సరిపోవునా అని మాత్రము అడిగినాడు.

రైతు సోదరులారా, మీరును దుకాణమునకు పోవుటకు ముందు మీ మట్టిని పరీక్షకు పంపుడు. బస్తాల లెక్క దానినుండియే వచ్చును.